దోమ బొమ్మ గీసిన డాక్టర్ కాని డాక్టర్

మలేరియా అనగానే మనందరికీ గుర్తొచ్చే పేరు సర్ రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్ బేగంపేటలో, దోమ కడుపు గోడలో ఉన్న మలేరియా పరాన్నజీవిని ఆయన మైక్రోస్కోపు కింద చూశారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది, బేగంపేటలో ఆయన పేరు మీద సంస్థ ఉంది, కాబట్టి ఆయన గురించి మేము కొత్తగా రాయనవసరం లేదు. ఆ ప్రయోగశాలలో తేలిన సంగతిని 46 ఏళ్ల తర్వాత యుద్ధానికి వెళ్లే కుర్రాళ్లకు నవ్విస్తూ చెప్పిన ఒక బొమ్మల మనిషి గురించి రాయాలనుకున్నాం. ఆయన పేరు థియోడర్ స్యూస్ గీసెల్. పిల్లల పుస్తకాలు చదివే ప్రపంచానికి ఆయన డాక్టర్ స్యూస్. పేరు ముందు డాక్టర్ అని ఉన్నా ఆయన వైద్యుడు కాదు, పిహెచ్.డి. పూర్తి చేసినవారూ కాదు.

గీసెల్ 1904 మార్చి 2న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జన్మించారు. తాతలు జర్మనీ నుంచి వలస వచ్చినవారు. ఇంటి వ్యాపారం బీరు తయారీ. తల్లి హెన్రియెట్టా పెళ్లికి ముందు తన తండ్రి బేకరీలో పని చేసేది. అక్కడ అమ్మే తీపి వంటకాల పేర్లను లయగా అప్పజెప్పడం ఆమెకు అలవాటు. రాత్రిళ్లు పిల్లలను నిద్రపుచ్చడానికి వాటినే పాటలా వల్లించేదట. తన పుస్తకాల్లోని లయంతా అమ్మ దగ్గర నుంచి వచ్చిందేనని గీసెల్ తర్వాత చెప్పుకున్నారు. పెద్ద చదువులు లేకుండానే జోలపాటలూ పొడుపుకథలూ నేర్పిన అమ్మలూ అమ్మమ్మలూ మనకూ ఉన్నారు కాబట్టి ఈ సంగతి చదివినప్పుడు మాకు ఆనందం కలిగింది.

1917లో అమెరికా జర్మనీ మీద యుద్ధానికి దిగింది. జర్మన్ పేరున్న పిల్లవాడు బడిలో, వీధిలో ఎగతాళి పడాల్సి వచ్చింది. 1920లో మద్యనిషేధం రావడంతో ఇంటి వ్యాపారం మూతపడింది. తండ్రి తర్వాత పట్టణంలోని పార్కుల ఉద్యోగంలో చేరారు. అక్కడి జంతుశాల కూడా ఆయన చూసుకునే పనుల్లో ఒకటి. పిల్లవాడు ఆ జంతువులను చూసి, ఎక్కడా లేని జంతువుల బొమ్మలు గీసేవాడు. ఈ అలవాటు ఆయనను చివరిదాకా వదల్లేదు.

డార్ట్‌మత్ కాలేజీలో చదువుతూ అక్కడి హాస్యపత్రికకు సంపాదకుడయ్యారు. మద్యనిషేధం రోజుల్లో స్నేహితులతో కలిసి తాగుతూ దొరికిపోవడంతో ఆ పదవి పోయింది. పేరు కనబడకూడదని తల్లి ఇంటిపేరైన స్యూస్ అని సంతకం పెట్టి గీయడం మొదలుపెట్టారు. 1925లో పట్టా పుచ్చుకొని ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. ప్రొఫెసర్ కావాలన్నది తండ్రి కోరిక, ఆ చదువు మాత్రం ఆయనకు అబ్బలేదు. క్లాసులో నోట్సు పక్కన బొమ్మలు గీస్తుంటే తోటి విద్యార్థిని హెలెన్ పామర్ చూసి, నీకు పాఠాలు ఎందుకు, బొమ్మలు గీసుకోరాదా అన్న అర్థంలో సలహా ఇచ్చింది. డాక్టరేట్ సగంలో ఆగింది. 1927లో హెలెన్‌తో పెళ్లి జరిగింది. రాని డాక్టరేట్‌ను పేరు ముందు తగిలించుకోవడం ఆయన వేసుకున్న హాస్యం. నిజం గౌరవ డాక్టరేట్ చాలా ఏళ్ల తర్వాత అదే డార్ట్‌మత్ ఇచ్చింది.

దోమకూ ఆయనకూ సంబంధం యుద్ధం కన్నా ముందే మొదలైంది. 1928లో ఒక హాస్యపత్రికలో ఆయన గీసిన కార్టూన్‌లో ఒక వీరుడు తన మీదికి వచ్చిన డ్రాగన్‌ను చూసి, కోటంతా ఫ్లిట్ కొట్టినా ఇదెలా వచ్చిందని వాపోతాడు. ఫ్లిట్ ఆ రోజుల్లో అమ్మే పురుగుల మందు. చేతి పంపుతో పిచికారీ చేసేవారు. ఆ కార్టూన్‌ను ఆ కంపెనీ ప్రకటనలు చూసే అధికారి భార్య చూసింది. అంతే, ఉద్యోగం ఇంటికి వచ్చింది. ఆ తర్వాత 17 ఏళ్లు ఆయన ఫ్లిట్ ప్రకటనలకు దోమలను గీశారు. అమెరికాలో లక్షల మంది పని లేక రోడ్డున పడ్డ మాంద్యం రోజుల్లో దోమ ఆయనకు అన్నం పెట్టింది. పిల్లల కోసం రాసిన మొదటి పుస్తకాన్ని 20 మందికి పైగా ప్రచురణకర్తలు తిప్పి పంపాక, 1937లో ఒకరు వేశారు.

1941 నుంచి 1943 దాకా ఆయన న్యూయార్క్‌లోని పీఎం అనే దినపత్రికకు 400కు పైగా రాజకీయ కార్టూన్లు గీశారు. హిట్లర్‌ను ఎదిరించాలని గీశారు. యూదులను ద్వేషించేవారిని, నల్లజాతివారికి ఫ్యాక్టరీల్లో పని ఇవ్వనివారిని ఎగతాళి చేస్తూ గీశారు. అదే చేత్తో 1942 ఫిబ్రవరి 13న ఒక బొమ్మ గీశారు. అందులో అమెరికా పడమటి తీరంలోని జపాన్ సంతతివారంతా ఒకే ముఖంతో, నవ్వుతూ, పేలుడు పదార్థాల కోసం వరసలో నిలబడి ఉంటారు. ఆరు రోజుల తర్వాత అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. ఆ ఉత్తర్వు కింద దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఇళ్ల నుంచి తీసుకుపోయి ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. ఉత్తర్వు ఆ బొమ్మ వల్ల రాలేదు. కానీ చిన్నప్పుడు పేరును బట్టి ఎగతాళి పడ్డ మనిషి, పెద్దయ్యాక ముఖాన్ని బట్టి మనుషులను అనుమానించే బొమ్మ గీయడం మాకు మింగుడుపడలేదు. పుట్టుకను బట్టి మనిషి మీద ముద్ర వేయడం అంటే ఏమిటో ఈ సంచిక చదివేవాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు.

1943 జనవరిలో ఆయన కెప్టెన్ హోదాలో సైన్యంలో చేరారు. ఆయనకు తుపాకీ ఇవ్వలేదు. హాలీవుడ్‌లో సినిమా దర్శకుడు ఫ్రాంక్ కాప్రా నడుపుతున్న విభాగానికి పంపారు. సైనికుల కోసం సినిమాలు తీయడం అక్కడి పని.

అప్పటికి మలేరియా ఎంత పెద్ద శత్రువో సైన్యానికి తెలిసొచ్చింది. 1942లో ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో లొంగిపోయే నాటికి అమెరికన్, ఫిలిపినో సైనికుల్లో వేలాది మంది మలేరియాతో, ఆకలితో లేవలేని స్థితిలో ఉన్నారు. గ్వాడల్‌కెనాల్ దీవిలోనూ అంతే. దోమకాటుతో పడిపోయినవారు గుండుదెబ్బ తిన్నవారి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పసిఫిక్‌లో యుద్ధం నడిపిన జనరల్ మెక్‌ఆర్థర్ ఒక మలేరియా నిపుణుడి దగ్గర తన బాధ చెప్పుకున్నారు. తన సైన్యంలో ఒక డివిజను శత్రువు ముందు ఉంటే, ఇంకొకటి మలేరియాతో ఆసుపత్రిలో ఉంటోందనీ, మూడోది జ్వరం తగ్గి కోలుకుంటూ ఉంటోందనీ, ఇలాగైతే యుద్ధం ఎప్పటికి తెమలాలనీ దాని సారాంశం. యుద్ధం ముగిసేసరికి అమెరికా సైన్యంలో నమోదైన మలేరియా కేసులు సుమారు 5 లక్షలు. భారతీయ సైనికులు లక్షల్లో ఉన్న బర్మా సరిహద్దులో పరిస్థితి ఇంకా ఘోరం. 1943లో అక్కడ గాయపడి వెనక్కి వచ్చిన ఒక్కొక్కరికీ జబ్బుపడి వచ్చినవారు 120 మంది అని జనరల్ స్లిమ్ లెక్క చెప్పారు.

మందు సంగతి చూస్తే, ప్రపంచానికి క్వినైన్ ఇచ్చే సింకోనా చెట్లలో 90 శాతానికి పైగా జావా దీవిలో ఉండేవి. 1942లో జావా జపాన్ చేతికి పోయింది. మిగిలింది అటాబ్రిన్ అనే మాత్ర. అది చేదు, కడుపులో తిప్పుతుంది, పైగా ఒళ్లంతా పచ్చగా మారుతుంది. అది మింగితే మగతనం పోతుందన్న పుకారు సైన్యమంతా పాకింది. కుర్రాళ్లు మాత్రను నోట్లో వేసుకున్నట్టు నటించి పారేసేవారు. అధికారులు వరసలో నిలబెట్టి, మింగిందీ లేనిదీ చూడాల్సి వచ్చింది. న్యూగినీలో ఒక సైనిక ఆసుపత్రి దగ్గర నిజం పుర్రెలు తగిలించి, వీళ్లు అటాబ్రిన్ మింగనివాళ్లు అన్న అర్థంలో బోర్డు పెట్టారు.

భయపెట్టడం ఒక పద్ధతి. గీసెల్ పట్టుకున్నది రెండో పద్ధతి.

1943లో సైన్యం ఒక చిన్న బొమ్మల పుస్తకం అచ్చువేసింది. పేరు 'దిస్ ఈజ్ ఆన్'. ఇదిగో ఈమే ఆన్ అని పరిచయం చేస్తున్నట్టు. ఆన్ అంటే అనాఫిలిస్ అనే ఆడదోమ. మాటలు రాసింది మన్రో లీఫ్. పూలు వాసన చూస్తూ కూర్చునే ఫెర్డినాండ్ అనే ఎద్దు కథ రాసిన పిల్లల రచయిత ఆయనే. బొమ్మలు గీసెల్‌వి. ఇద్దరు పిల్లల రచయితలు కలిసి యుద్ధానికి పోయే మగవాళ్లకు పాఠం చెప్పారన్నమాట. అదే ఏడాది నవంబరులో గోడలకు అంటించే సైనిక వార్తాపటం మీద కూడా ఆన్ బొమ్మ వేశారు.

ఆ పుస్తకంలో పరాన్నజీవి జీవితచక్రం బొమ్మ లేదు. లాటిన్ పేర్లు లేవు. ఉన్నదల్లా ఇది. ఆన్ తాగేది నీళ్లు కాదు, నెత్తురు. బయటికి వచ్చేది చీకటి పడ్డాక, మళ్లీ తెల్లవారేదాకా తిరుగుతుంది. మలేరియా ఉన్నవాడి నెత్తురు తాగి వచ్చి నిన్ను కుడుతుంది. రాత్రిపూట బట్టలు లేకుండా స్నానాలకూ ఈతలకూ పోతే ఆమెకు విందు. చొక్కా చేతులు కిందికి దించుకో, ఒంటికి దోమల మందు రాసుకో, దోమతెర కట్టుకో. తెరలూ చేతి తొడుగులూ మగతనానికి తక్కువ అనిపించవచ్చు, కానీ మలేరియాతో పడిపోయినవాడూ గుండు తగిలి పడిపోయినవాడూ యుద్ధానికి ఒకేలా పనికిరారు. అంతే పుస్తకం. చొక్కా జేబులో పెట్టుకొని, పది నిమిషాల్లో చదివి, పక్కవాడికి ఇచ్చేయవచ్చు.

మేము ఎం.ఎస్సీ. జువాలజీ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మలేరియా జీవితచక్రాన్ని పరీక్షలో నాలుగు పేజీలు రాయగలం. కానీ పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు, వానాకాలంలో ఈ చలిజ్వరం ఎందుకు తగులుకుంటుందిరా అని నాయనమ్మ అడిగితే స్పోరోజాయిట్, మీరోజాయిట్ అని చెప్పి లాభం లేదు. ఆ నాలుగు పేజీలను నాయనమ్మకు నాలుగు మాటలుగా మార్చడం పరీక్ష కన్నా కష్టం. లీఫ్, గీసెల్ చేసింది ఆ కష్టమే. సైన్యంలో కాలేజీ చదివినవారూ ఉన్నారు, అక్షరాలు కూడబలుక్కునేవారూ ఉన్నారు. ఇద్దరికీ ఒకే పుస్తకం సరిపోయింది.

అయితే ఆ పుస్తకంలో మాకు నచ్చనిదీ ఉంది. కుట్టేది ఆడదోమే, అది శాస్త్రం. మగదోమ పూల తేనెతో సరిపెట్టుకుంటుంది. కానీ ఆన్‌ను రాత్రిళ్లు మగవాళ్ల వెంట తిరిగే ఆడదానిలా చూపించడం శాస్త్రం కాదు. అది ఆనాటి మగవాళ్ల వెకిలితనం. ఆ రోజుల్లో సుఖవ్యాధుల మీద వేసిన పోస్టర్లలోనూ జబ్బంతా ఆడదాని ముఖంతోనే వచ్చేది. మన పక్క బాలికల హాస్టల్ చెల్లెళ్లు ఈ పుస్తకం చూస్తే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

ఇంకో సంగతి. ఆ పుస్తకం చేతికి ఇచ్చిన సైన్యం దోమతెరనూ ఇచ్చింది, ఒంటికి రాసుకునే మందునూ ఇచ్చింది, మాత్రనూ ఇచ్చింది. మురుగునీళ్ల మీద నూనె చల్లడానికి, గుంటలు పూడ్చడానికి ప్రత్యేక దళాలను పెట్టింది. అన్నీ ఇచ్చాక వాడమని చెప్పింది. కిటికీ జాలీ చిరిగిపోయి, ట్యాంకుకు మూత లేక, ముప్పై మంది పిల్లలు ఒకే గదిలో పడుకునే చోట దోమలతో జాగ్రత్త అని గోడ మీద రాస్తే అది ఏం పాఠం? అలాంటి హాస్టళ్లలో చదివి వచ్చిన మిత్రులు మా క్లాసులో ఉన్నారు. జ్వరాలతో పరీక్షలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. బొమ్మ గొప్పదే, కానీ దోమతెర లేనివాడికి దోమతెర బొమ్మ చూపిస్తే కడుపు మండుతుంది.

పుస్తకంతో పాటు సినిమాలు కూడా వచ్చాయి. కాప్రా విభాగంలో ప్రైవేట్ స్నాఫు అనే సిపాయి కార్టూన్ పాత్ర తయారైంది. సైన్యంలో ఏదీ సరిగా నడవదని చెప్పుకునే ఒక బూతు పొట్టిమాటే అతని పేరు. చెప్పిన పని తప్ప అన్నీ చేసి, ప్రతిసారీ దెబ్బతినే మనిషి అతడు. 1943 నుంచి 1945 దాకా మూడు నాలుగు నిమిషాల సినిమాలు రెండు డజన్లకు పైగా వచ్చాయి. బగ్స్ బన్నీ కార్టూన్లు తీసిన చక్ జోన్స్ వీటిలో చాలావాటికి దర్శకుడు. గొంతు మెల్ బ్లాంక్‌ది. చాలావాటికి పాటలాంటి మాటలు రాసింది గీసెల్. ఇవి బయట థియేటర్లలో ఆడలేదు, సైనికులకు మాత్రమే చూపించేవారు.

స్నాఫు సినిమాల్లో దోమ చాలాసార్లు వస్తుంది. మాకు బాగా నచ్చింది 1945లో వచ్చినది. అందులో ముసలిదైపోయిన అనాఫిలిస్ దోమ ఒకటి కుర్ర దోమలను కూర్చోబెట్టుకొని తన పాత వైభవం చెప్పుకుంటుంది. అప్పట్లో సిపాయిలు ఒంటి మీద గుడ్డ లేకుండా తిరిగేవారని, ఎటు చూసినా నెత్తురేనని, ఇప్పుడు తెరలూ మందులూ మాత్రలూ వచ్చి తన బతుకు ఇలా అయిందని ఏడుస్తుంది. దోమ కష్టాలు వింటూ సిపాయిలు నవ్వుతారు. నవ్వుతూనే ఏం చేయాలో వినేస్తారు. స్నాఫుకు జరిగేదంతా చూసి నేనైతే అంత తెలివితక్కువ పని చేయను అని ప్రతివాడూ అనుకుంటాడు. నువ్వు తెలివితక్కువవాడివి అని ముఖాన చెబితే ఎవరు వింటారు?

ఈ బొమ్మల వల్లే మలేరియా తగ్గిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. మాత్ర మింగించే క్రమశిక్షణ, 1944 నాటికి చేతికొచ్చిన డీడీటీ, నీటిగుంటల మీద పని, అన్నీ కలిసి తగ్గించాయి. బర్మాలో స్లిమ్ హఠాత్తుగా రక్తపరీక్షలు చేయించి, కనీసం నూటికి 95 మంది ఒంట్లోనైనా మందు కనబడని దళాల అధికారులను తీసేశారు. ముగ్గురి ఉద్యోగాలు పోయేసరికి మిగిలినవారు దారిలోకి వచ్చారు. అందులో బొమ్మల వాటా ఎంతో విడదీసి చెప్పలేం.

గీసెల్ 1944 చివర్లో యూరప్ వెళ్లి, అక్కడ జరిగిన పెద్ద జర్మన్ ఎదురుదాడిలో మూడు రోజులు శత్రువు గీతకు అవతల చిక్కుకుపోయి బయటపడ్డారు. 1946లో లెఫ్టినెంట్ కర్నల్ హోదాలో సైన్యం నుంచి వచ్చేశారు.

యుద్ధం ఆయన కలానికి నేర్పింది పొదుపు. మూడు నిమిషాల్లో చెప్పాలి, మాట తక్కువ ఉండాలి, బొమ్మ చూస్తే అర్థం కావాలి. 1954లో, అమెరికాలో పిల్లలు చదవడం నేర్చుకోకపోవడానికి వాచకాలు విసుగ్గా ఉండటమే కారణమని ఒక రచయిత పత్రికలో రాశారు. ఒక ప్రచురణకర్త గీసెల్‌కు చిన్నపిల్లలకు తెలిసిన మాటల పట్టిక ఇచ్చి, దానితోనే కథ రాయమన్నారు. ఏడాదికి పైగా తంటాలు పడి 236 వేర్వేరు మాటలతో ఆయన 'ది క్యాట్ ఇన్ ది హ్యాట్' రాశారు. అది 1957లో వచ్చింది. 50 మాటలతో పుస్తకం రాయలేవని ఇంకో ప్రచురణకర్త పందెం కాస్తే, 1960లో అదీ రాసి గెలిచారు. పిల్లల కోసం ఇన్ని పుస్తకాలు రాసిన ఆయనకు సొంత పిల్లలు లేరు. హెలెన్ 1967లో మరణించింది. 1984లో ఆయనకు ప్రత్యేక పులిట్జర్ గౌరవం దక్కింది.

1953లో గీసెల్ జపాన్ వెళ్లారు. అక్కడి బడులు, పిల్లలు చూసి వచ్చాక 1954లో ఒక ఏనుగు కథ రాశారు. దుమ్ముకణం మీద బతికే, కంటికి కనబడని చిన్న మనుషుల మొర విని, వారినీ మనుషులుగా చూడమని లోకంతో పోట్లాడే ఏనుగు అది. ఆ పుస్తకాన్ని జపాన్‌లోని క్యోటో ప్రొఫెసర్ మిత్సుగి నకమురాకు అంకితమిచ్చారు. ఇది 1942 నాటి బొమ్మలకు క్షమాపణ అని చాలామంది అంటారు. కావచ్చు. కానీ కాలిఫోర్నియాలో ముళ్లకంచె వెనుక నాలుగేళ్లు గడిపిన పిల్లలకు క్యోటోలో ఇచ్చిన అంకితం ఎంతవరకు అందిందని మా సందేహం.

1991 సెప్టెంబరు 24న, 87వ ఏట ఆయన కాలిఫోర్నియాలోని లా హోయాలో కన్నుమూశారు. 2021లో ఆయన పుట్టినరోజునే ఆయన పుస్తకాల హక్కులు చూసే సంస్థ ఆరు పుస్తకాల అచ్చు ఆపేసింది. వాటిలో కొన్ని జాతుల మనుషులను కించపరిచే బొమ్మలున్నాయని కారణం చెప్పింది. 20 మందికి పైగా తిప్పి పంపిన ఆ మొదటి పుస్తకం కూడా ఆ ఆరింటిలో ఉంది.

ఆన్ మాత్రం ఎక్కడికీ పోలేదు. సర్కారు సొమ్ముతో సర్కారు ఉద్యోగులు చేసిన పుస్తకం కనుక దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. వార్షికోత్సవం అయ్యాక మన హాస్టల్ నీళ్ల ట్యాంకు పక్క గోడకు కొత్తగా సున్నం వేయిస్తామని వార్డెన్ గారు అన్నారు. ఎనిమిదో తరగతిలో బొమ్మలు బాగా వేసే తమ్ముళ్లు ముగ్గురున్నారు. మాటలు తెలుగులో, ఆన్ గారి నడక మీద వెకిలి మాటలు లేకుండా, మేము రాసిస్తాం. ట్యాంకుకు మూత మాత్రం బొమ్మ కన్నా ముందు రావాలని అడిగి ఉన్నాం.